ఆకలి బొగ్గు, దుకాణం కారం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నేలతల్లిని బాగుచేయడానికి దేవుడు నన్నే పంపాడని గట్టిగా నమ్మేదాన్ని. (దేవుడు కాదు, ఒక స్వచ్ఛంద సంస్థ పంపింది, అదీ ఆర్నెల్ల ప్రొబేషన్ మీద.) పినపాక దగ్గరి అడవి అంచు ఊళ్లలో పత్తి ఏరడం అయిపోగానే కట్టె పీకి చేలోనే తగలబెట్టేవారు. ఆ కట్టెను గుంతలో కాల్చి, బూడిద కాకముందే నీళ్లతో ఆర్పి, వచ్చిన బొగ్గును పస లేని నేలలో కలిపించడం నా పని. దాన్ని బయోచార్ అంటారు. నెల రోజులు స్కూటీ అరగదీస్తే, ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఒక ముసలావిడ మాత్రం తన ఎర్ర చెలకలో అర ఎకరం ఇచ్చింది. మసి కొట్టుకుపోయిన నా మొహం చూసి, "డిగ్రీ సదివి బొగ్గులు కాలుస్తున్నవా బిడ్డా? మీ అమ్మకు తెల్సా?" అని అడిగి మరీ ఇచ్చింది. ఒకటే షరతు. "మా ఇంటికి ఏడాది కారం ఈ చెలకదే. నా జన్మల దుకాణం కారం తినలే. యాదుంచుకో."

బొగ్గును పేడ, మూత్రం కలిపిన నీళ్లలో పదిహేను రోజులు నానబెట్టాకే వేయాలి. శిక్షణలో చెప్పారు, నేనూ శ్రద్ధగా రాసుకున్నాను. కానీ మా ఫొటో సారు (పైరు ఎట్లా ఉన్నా ఫొటో బాగుండాలనే మా పై అధికారి) రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి ప్రాణం తీసేవాడు. "ఇంకా నానబెట్టుడేందమ్మా? జల్దీ సల్లు, ఫొటోలు పంపాలె!" ఆయన్ని అనుకుని ఏం లాభం, నాకూ ఫొటోలో పడాలనే ఉంది. నానబెట్టని పొడిబొగ్గును అట్లాగే చల్లించి, పక్కన నవ్వుతూ నిలబడ్డాను. మిరపనారు నాటిన ఇరవై రోజులకు చెలకంతా పసుపు రాసినట్టు పాలిపోయింది. ఆ ఏడు కోసుకోవడానికి కాయే లేదు.

పెద్దమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బతికిపోయేదాన్ని! ఎప్పుడు వెళ్లినా పీట వేసి, అన్నం పెట్టి, దుకాణం కారంతో చేసిన కూర గరిటెడు వడ్డించి, "తిను బిడ్డా, ఇది నువ్వు పండించిన కారమే" అనేది. ఏడాది పొడుగునా అదే మాట. నాకు తిక్క రేగేది, సిగ్గేసేది, అయినా తినేదాన్ని.

మిగిలిన బొగ్గును ఆవిడ కొట్టంలో ఎడ్ల కింద పరిచింది, పేడ, మూత్రాల చిత్తడి పీల్చుకుంటుందని. మరుసటి ఏడు అలవాటుగా ఆ పెంటనంతా చెలకకు తోలింది. మిరప నడుమెత్తున లేచింది! నేను కాగితాలు తిరగేసి, పొడిబొగ్గు నేలలోని బలాన్ని ముందు తానే పీల్చేసుకుంటుందని వివరించబోయాను.

"అవ్, నాకెర్కే," అంది పెద్దమ్మ. "నీ బొగ్గు ఆకలిది బిడ్డా. ఆకలైనోన్ని వడ్డించనీకి పెడితే బంతికేం మిగుల్తది? ముందుగాల వానికి కడుపునిండ పెట్టాలె."

ఇప్పుడు శిక్షణ ఇచ్చేది నేనే. ఆ మాటతోనే మొదలుపెడతాను, అందరూ శ్రద్ధగా రాసుకుంటారు. (నేనూ అట్లాగే రాసుకున్నాను, అందుకే భయం.) పెద్దమ్మ పంపే కారం డబ్బా ఏడాది తిరక్కుండానే ఖాళీ అవుతుంది. అప్పుడు దుకాణానికి వెళ్లి ప్యాకెట్ చేతిలోకి తీసుకుంటానా, ఇది నేను పండించిందే కదా అని నవ్వొస్తుంది.