తోడు వచ్చినవారు

గర్భిణులకు స్కానింగ్ చేసే గదిలో ఒక మూల తెర, తెర వెనక ఒక కంప్యూటరు. దాని ముందు ఆరేళ్లుగా కూర్చుంటున్న మనిషిని అందరూ టైపమ్మ అంటారు. అవతల డాక్టరమ్మ కొలతలు చెబుతూ పోతుంది, ఇవతల ఈమె కొడుతూ పోతుంది. బయట బెంచీల మీద ఊపిరి సలపనంతమంది. అందుకని టైపమ్మ పొద్దున్నే రిపోర్టులన్నిటిలోనూ ‘గుండె కొట్టుకుంటోంది’ అన్న ముక్క ముందే కొట్టి పెట్టుకుంటుంది. చాలామందికి అదే సరిపోతుంది. సరిపోనివాళ్లకు చెరిపేస్తుంది.

తన రిపోర్టులోంచి ఆ ముక్కను తన చేత్తోనే మూడుసార్లు చెరుపుకుంది. ఆ పనికి ఇంకో మనిషి లేకపోయె మరి. బల్ల దిగి, పొట్ట మీది జిగురు తుడుచుకుని, తెర వెనక్కి వచ్చి, తన కడుపు సంగతి తానే అచ్చు కొట్టుకుంది. మూడూ తొమ్మిదో వారంలోనే పోయాయి.

మొగుడు లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాడు. రెండోసారి నోరు విప్పలేదు. మూడోసారి ఫోన్లో, “ఇకమీదట నిలబడ్డాకే చెప్పు. మధ్యలో వినడం నా వల్ల కాదు” అన్నాడు. చెడ్డవాడేం కాదు, గుండె చాలనివాడు. ఆ గుండె ఈమెకు మాత్రం ఎక్కడి నుంచి వస్తుందని ఎవరూ అడగలేదు. అత్తగారైతే కుర్చీలో కూర్చోబట్టే ఇలా అవుతోందని తేల్చేసింది, తానే పెద్ద డాక్టరైనట్టు.

అందుకని నాలుగోసారి నెల తప్పిన సంగతి టైపమ్మ డాక్టరమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రక్తం గడ్డకట్టకుండా రాసిచ్చిన సూదిని రోజూ పొద్దున స్నానాల గదిలో తనే పొట్టలో పొడుచుకుని, సిరంజి కాగితంలో చుట్టి సంచిలో వేసుకుని, పనికి వచ్చేది. తొమ్మిదో వారం ఎలాగో గడిచింది. ఇది పదోది.

మధ్యాహ్నం ఆఖరి మనిషి వెళ్లిపోయాక, “రా, ఇక నువ్వే” అంది డాక్టరమ్మ.

తన రిపోర్టులో ఈసారి ఆ ముక్క ముందే కొట్టలేదు. ఖాళీగా వదిలి వెళ్లి పడుకుంది. దుప్పటి మార్చడానికి వచ్చిన ఆయా, సంగతి కనిపెట్టి, భోజనానికి వెళ్లకుండా పక్కనే నిలబడింది.

గుండె కనబడేదాకా డాక్టరమ్మ మిషను శబ్దం పెట్టదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగితే ఏమర్థమో తెర వెనక కూర్చునే మనిషికి బాగా తెలుసు. టైపమ్మ లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంది. పన్నెండు దాటింది. ఇరవై దాటింది. కళ్లు మూసేసుకుంది.

టకటకటకమని గది నిండా చప్పుడు.

“విన్నావా?” అంది డాక్టరమ్మ. మళ్లీ వెంటనే, “తొందరపడకు. గర్భసంచికి రక్తం తెచ్చే నాళాల్లో ఎడమవైపు బాగుంది. కుడివైపు ప్రవాహం తక్కువగానే ఉంది.”

“అయితే నిలబడదా మేడమ్?”

“అలాగని కాదు. ఇలా ఉండి కూడా నిండునెలలు మోసినవాళ్లున్నారు. అంతా బాగుండీ పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నేను మాటివ్వలేను. సూది మానకు. రెండు వారాలకు మళ్లీ చూద్దాం.”

టైపమ్మ తెర వెనక్కి వచ్చి, ‘గుండె కొట్టుకుంటోంది’ అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఆరేళ్ల అనుభవం ఎటు పోయిందో! చివర్లో ‘తోడు వచ్చినవారు’ అన్న గడి. ఎప్పటిలాగే గీత పెట్టింది.

“ఆ గీతేంటి?” అంది ఆయా భుజం మీంచి తొంగిచూసి.

“నాతో ఎవరూ రాలేదుగా ఆయమ్మా.”

“మరి ఇంతసేపూ పిసికి పిప్పి చేసిన చెయ్యి ఎవరిది?” చెయ్యి చాపి చూపించింది. నాలుగు గోళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడు పట్టుకుందో టైపమ్మకే తెలియదు. “మీ ఆయనకి చెప్పావా?”

“నిలబడ్డాక చెప్పమన్నాడు.”

“భలేవాడే! అప్పటిదాకా మొయ్యడానికి అది నీ ఒక్కదానిదేనా?”

టైపమ్మ భోరుమంది. మూడుసార్లూ ఈ కుర్చీలో ఆపుకున్నదంతా కలిపి ఏడ్చింది. ఆయా ఓదార్చలేదు, పక్కన నిలబడింది అంతే. కాసేపటికి ముక్కు తుడుచుకుని అడిగింది టైపమ్మ.

“సంబంధం కూడా రాయాలి. ఏమని కొట్టను?”

“అమ్మ అంటే మీ అమ్మకి కోపం, అత్త అంటే నాకు కోపం. పిన్ని అని కొట్టు. రెండు వారాల తర్వాతా నేనే వస్తాను, ఆ పూట ఎవరు పని చెప్పినా వినను.” మాసిన దుప్పటి తీసుకుని వెళ్లిపోయింది.

గీత చెరిపి, పిన్ని అని కొట్టింది. తర్వాత ఫోన్ తీసింది.

“ఏంటి ఈ వేళప్పుడు? బండి నడుపుతున్నా” అన్నాడు మొగుడు.

“పక్కకి ఆపు. నిలబడుతుందో లేదో ఇంకా తెలీదు. అయినా చెబుతున్నాను, విను.”

అవతల చాలాసేపు ఇంజను మోత. తర్వాత అది ఆగింది.

“చెప్పు” అన్నాడు.