ఎల్లమ్మ అమ్మకు

మా అబ్బాయి పోయాడు. మా ఊరు ఇర్వింగ్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు తెలుసు. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో మీరే గిన్నెల్లో అన్నం, పప్పు తెచ్చి పెట్టారు. దూరాన ఉన్నవాళ్లు కొందరు తెలియక ఇంకా ఫోన్ చేసి వాడి పెళ్లి మాట అడుగుతున్నారు. అందుకని అందరికీ ఈ ఉత్తరం రాస్తున్నాను. నెత్తురులో జబ్బు వచ్చింది. ఎనిమిది నెలలు ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లు వాడికి. నేను చదివింది ఐదో తరగతి. మా ఆయన దిద్దిపెడతానన్నారు గానీ, ఇందులో ఆయన మీద కూడా నాలుగు మాటలున్నాయి, అందుకని ఇవ్వలేదు.

వాడి గురించి చెప్పాలంటే వాడి బండి గురించి చెప్పాలి. ముందునుంచి చూస్తే కారు, వెనకనుంచి చూస్తే చిన్న ట్రక్కు. డెబ్భై తొమ్మిదిలో, వాడికి పదిహేడేళ్లప్పుడు, ఎవరిదో పశువుల కొట్టం వెనక పడి ఉంటే తెచ్చాడు. చక్రాలు లేవు. వెనక తొట్టిలో గడ్డి మొలిచింది. సీటులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. కారు కావాలంటే కారే కొనిచ్చేవాడిని కదరా, ఈ తుక్కు ఎందుకురా అని మా ఆయన తల పట్టుకున్నారు.

దాని పేరేంటని నేను అడిగాను. ఎల్ కమీనో అన్నాడు వాడు. నాకు ఎల్లమ్మ అని వినిపించింది. ఈ దేశంలో బండికి మా ఎల్లమ్మ తల్లి పేరు పెట్టారా అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. వాడు నవ్వీ నవ్వీ గడ్డిలో కూలబడ్డాడు. అది స్పానిష్ మాట, దేవత కాదు అని మా ఆయన చెప్పి చూశారు. ఎవరు వింటారు? ఆ రోజు నుంచి మా ఇంట్లో అది ఎల్లమ్మే.

నాలుగేళ్లు దాన్ని బాగుచేశాడు. కాలేజీ నుంచి రావడం, దాని కిందికి దూరడం. అన్నానికి పిలిస్తే కాళ్లు మాత్రం కదిలేవి. కలర్ ఎప్పుడు వేస్తావురా అని నేను తొందరపెడితే, "రస్ట్ మీద పెయింట్ చేస్తే అబద్ధం చెప్పినట్టే అమ్మా" అనేవాడు. ఆ మాట ఇప్పుడు నేను చాలా వాటికి వాడుకుంటున్నాను. పాత ఇంజన్ తీసేసి పెద్దది పెట్టాడు, బండిని నేలకు దగ్గరగా దించాడు, తొట్టిలో కర్రపలకలు పరిచాడు. చివరికి వంకాయ రంగు వేశాడు. సీటుకి ఎర్ర రెగ్జిన్ నా మిషన్ మీద నేనే కుట్టాను. మూడు సూదులు విరిగాయి. ఇంజన్ బాగుందో లేదో చూడడానికి పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస దానికి, ఇంకో కొస చెవికి ఆనించి కళ్లు మూసుకునేవాడు. నాకూ వినిపించేవాడు. నాకు అంతా ఒకటే మోత. "బాగుంది కదా?" అంటే బాగుందిరా అనేదాన్ని. బండి ఆపి ఇంట్లోకి వచ్చేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకునేవాడు, ఎవరో పిలిచినట్టు.

ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం, ఆసుపత్రిలో, మంచానికి అటు ఆయన, ఇటు నేను. వాడు కళ్లు తెరవలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "ఎల్లమ్మ... అమ్మకు" అన్నాడు. అంతే. తర్వాత ఇంకేవో అడిగాడు, నీళ్లు, కిటికీ తెర. బండి మాట మళ్లీ ఎత్తలేదు.

ఎల్లమ్మను అమ్మకు. నేను అట్లాగే విన్నాను. అమ్మనురా అని వాడి చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

కర్మలు అయిన వారానికే మా ఆయన పేపర్లో ప్రకటన ఇచ్చారు. బండి అద్దం లోపల ఫర్ సేల్ అట్ట పెట్టారు. పొద్దున ఆయన ఆఫీసుకి పోగానే నేను ఆ అట్ట తీసేసేదాన్ని. సాయంత్రం వచ్చి మళ్లీ పెట్టేవారు. ఒకళ్లకొకళ్లం ఒక్క మాట అనుకోలేదు. అన్నం వడ్డించాను, తిన్నారు. పది రోజులు ఇట్లా నడిచింది. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, కన్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. పాపం, ఆయన సాయంత్రం వచ్చి ఎల్లమ్మ పక్కన తన కారు ఆపుకుని, లోపలికి రాకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చునేవారని నాకు అప్పుడు తెలియదు. మా అమ్మాయి చూసింది, చెప్పలేదు.

ఒక శనివారం పొద్దున ఒక కుర్రవాడు వచ్చాడు. ఇంజన్ ఒక్కటే కావాలట, మిగతాది తుక్కుకి వేస్తాడట. మా ఆయన ఏం ఆలోచించారో, సరే అనబోయారు. నేను వంటింట్లోంచి పిండి చేతులతోనే పోయి బండిలో కూర్చుని తలుపులు లాక్ చేసుకున్నాను.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చారు. వచ్చినవాడికి అనుమానం రాకూడదని ముఖాన నవ్వు పెట్టుకుని, నెమ్మదిగా తెలుగులో, "దిగు. పక్కింటివాళ్లు చూస్తున్నారు" అన్నారు.

"వాడు అమ్మకు అన్నాడు. మీరు విన్నారు."

"విన్నాను. రోజూ దీన్ని చూసుకుంటూ ఇంట్లోకి రావాలంటే నావల్ల అవుతుందా? అది చెప్పు ముందు."

ఆ నవ్వు అట్లాగే ఉంది, కళ్లు మాత్రం నిండిపోయాయి. నేను దిగలేదు. కుర్రవాడు కాసేపు నిలబడి, ఏదో గొడవ అని అర్థమై వెళ్లిపోయాడు. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. ఎండ పెరిగింది. నేను అందులోనే చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

మా అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. పదహారేళ్లది, ఇక్కడే పుట్టింది. పక్కన కూర్చుని, "అమ్మా, అన్న దీన్ని నీకు ఇచ్చాడు కదా. డాడీ ఎట్లా సెల్ చేస్తాడు?" అంది.

నాకు ఇచ్చాడని ఎవరన్నారు, అమ్మవద్దన్నాడు అన్నాను.

"ఎప్పుడు? అమ్మకు అన్నాడని నువ్వే చెప్పావు. అమ్మకు అంటే టు మామ్ కదా?"

అమ్మకు అంటే అమ్మవద్దని కూడా అని చెప్పాను.

అది నా ముఖం చూసి, "అట్లా కూడా అంటారా? నాకు తెలియదే. అన్నకి కూడా తెలియదు అమ్మా" అంది.

నిజమే. ఐదేళ్ల వయసులో ఈ దేశం తెచ్చాం వాడిని. అమ్మడం అనే మాట వాడి నోట ఏనాడూ వినలేదు. వాడి పాత సైకిల్‌ని నేను ఎవరికో అమ్మబోతే, "సెల్ చెయ్యొద్దు అమ్మా" అని వెంటపడ్డాడు. షాపులో సెల్ చేస్తారు, పక్కింటివాళ్లు ఇల్లు సెల్ చేశారు. వాడి తెలుగులో అమ్మ అంటే నేనొక్కదాన్నే. ఇన్ని రోజులూ వాడి మాటని నా తెలుగులో విని, దానికి కాపలా కూర్చున్నాను.

లోపలికి పోయి మా ఆయనతో చెప్పాను. ఆయన, "అయితే నీదే. నేను అట్ట పెట్టను" అన్నారు. నేను డ్రైవింగ్ నేర్చుకుని దాన్ని నడపాలా, ఎండలో నిలబెట్టి తుప్పు పట్టించాలా, రోజూ ఆయన్ని దాని పక్కన కూర్చోబెట్టాలా? రెండు రోజులు తిండి తినలేదు. మూడో రోజు ఆ అట్ట నేనే తెచ్చి అద్దం దగ్గర పెట్టాను. వాడు అమ్మవద్దని ఉంటే చచ్చినా అమ్మకపోదును. నాకిచ్చాడు కాబట్టే నా చేతనయింది.

తర్వాత వచ్చినాయన వడ్రంగి. ఊళ్లోనే ఉంటాడు, మా ఆయన కన్నా పెద్దవాడు. కింద పడుకుని చూశాడు, తొట్టిలో పలకలు తడిమాడు, సీటు ఎవరు కుట్టారని అడిగాడు. మా ఆయన నన్ను చూపించారు. వడ్రంగి టోపీ తీశాడు. నడుపుతారా, గుడ్డ కప్పి దాస్తారా అని మా అమ్మాయి చేత అడిగించాను. రోజూ పనికి దీంట్లోనే పోతానన్నాడు. వెనక తలుపు మీద ఈ గీతలేమిటన్నాడు. అవి తెలుగు అక్షరాలు. ఎల్లమ్మ అని నేను కాగితం మీద రాసిస్తే మా వాడు బొమ్మ దించినట్టు దించాడు. చెరపాలా, ఉంచాలా అని అడిగాడాయన. మీ బండి, మీ ఇష్టం అని నేనే చెప్పాను.

కాగితాల పని మా ఆయన చూశారు. తాళం చెవి నేనిచ్చాను.

మా డ్రైవ్‌వే ఇరుకు. ఒకవైపు పక్కింటి పోస్టు డబ్బా, ఇంకోవైపు గులాబీ చెట్లు. వడ్రంగి బండిని వెనక్కి తీయడానికి అవస్థ పడుతుంటే నేను రోడ్డు మీదికి పోయి నిలబడి చెయ్యి ఊపాను. రానీ, రానీ, ఇటు, కొంచెం రానీ అని తెలుగులోనే అరిచాను. ఆయనకి ఏం అర్థమైందో, నా చేతిని చూసుకుంటూ నెమ్మదిగా రోడ్డు మీదికి వచ్చాడు. ఆపు అని చెయ్యి నిలబెట్టాను. ఆపాడు. ఇక పోనీ అనాలి. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంచాను. ఆయన తొందరపెట్టలేదు. ఇంజన్ ఆడుతూనే ఉంది. ఆయన అద్దంలోంచి నా చేతినే చూస్తూ, నేను దించేదాకా, అట్లాగే కూర్చున్నాడు.