పచ్చగడ్డి కార్పెట్టు పరిచిన కల్యాణమండపం

ఆర్కిటెక్చర్ చదివి, నేలకూ నీటికీ భారం కాని ఇళ్లు కట్టడం ఎలాగో ఇంకొన్నాళ్లు నేర్చుకుని, విజయనగరంలో మా నాన్న కిరాణా కొట్టు మేడమీద ఆఫీసు తెరిచాను. అప్పుడప్పుడే మా వైపు గ్రీన్ అన్న మాట చెలామణీలోకి వస్తోంది. ప్రహరీకి పచ్చరంగు కొడితే అది గ్రీన్ స్కూలు. జీడితోట నరికేసి ప్లాట్లు వేసి, గేటుకు అటూ ఇటూ కుండీల్లో క్రోటన్లు పెడితే అది గ్రీన్ సిటీ.

మొదటి పెద్ద పని రాజాం నుంచి వచ్చింది. అమ్మకు వరసకు అన్నయ్య అయ్యే ధాన్యం వ్యాపారి కల్యాణమండపం కట్టదలిచాడు. విశాఖపట్నంలో ఒక హోటల్ గోడకు గ్రీన్ బిల్డింగ్ అని ఇత్తడి పలక చూశాడట. అలాంటిది తనకూ కావాలి. ఆయనకు కావలసింది పలక మాత్రమేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

స్థలానికి పడమర వైపు వరసగా వేపచెట్లున్నాయి. వాటిని అలాగే ఉంచి, ఆ నీడలో వెడల్పాటి వరండా, ఎత్తయిన కప్పు, దక్షిణపు గాలి లోపలికి వచ్చి ఉత్తరంగా పోయేలా కిటికీలు గీశాను. మావయ్య ఎంతో మెచ్చుకుని ఆ బొమ్మకు ఫ్రేము కట్టించి కొట్లో తగిలించాడు. కొన్నాళ్లకు పని చూద్దామని వెళితే చెట్లు లేవు. పడమటి గోడంతా అద్దాలు బిగించడానికి ఇనుప చట్రం లేస్తోంది.

ఎందుకు కొట్టించారని అడిగాను.

"సెట్లుంటే రోడ్డు మీద పోయేవోడికి మండపం ఎలాగ కనపడతాది అమ్మీ? అద్దం మెరవాల" అన్నాడు. నా ముఖం చూసి జాలిపడ్డట్టున్నాడు. "నీ బాధ ఏటో నాకు తెలుసు. లోపల పచ్చగడ్డి కార్పెట్టు ఏయిస్తన్నాను."

ఇక ఈ పనితో నాకు సంబంధం లేదని చెప్పి బస్సెక్కేశాను. ఆయన మాత్రం ప్రారంభోత్సవం కార్డు మీద డిజైనర్‌గా నా పేరే అచ్చువేయించాడు. వెళ్లకపోతే చుట్టరికం చెడుతుందని అమ్మ పోరితే వెళ్లాను.

నడివేసవి. నేల మీద ప్లాస్టిక్ గడ్డి, స్తంభాలకు ప్లాస్టిక్ తీగలు, వచ్చిన ప్రతివారి చేతిలో ప్లాస్టిక్ సంచీలో ఒక మొక్క. ఉపన్యాసాల మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు దీపాలకూ మైకుకూ సరిపోయింది కాని ఏసీలకు సరిపోలేదు. తెరవడానికి ఒక్క కిటికీ లేదు. పట్టుచీరల వాళ్లంతా లేచి ఎదుటి రైసుమిల్లు రేకులషెడ్డు కిందికి పోయారు. వేదిక మీది పెద్దమనిషి మాత్రం చెమట తుడుచుకుంటూ, భూమి వేడెక్కిపోతోందని మాకు చెబుతూనే ఉన్నాడు.

తర్వాత నాకు శాలువా కప్పుతామని వేదిక మీదికి పిలిచారు. వెళ్లి మైకు అందుకున్నాను.

"ఈ మండపం నేను చేసింది కాదు. నేను గీసినదాంట్లో చెట్లున్నాయి, కిటికీలున్నాయి. నా పేరు తీసెయ్యండి."

మావయ్య ముఖం నల్లబడింది. వ్యాఖ్యాత నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని భోజనాలు సిద్ధమని ప్రకటించాడు.

చుట్టాలు నాకు పొగరన్నారు. మా వాళ్లలో ఇల్లు కట్టుకునేవారెవరూ మా మెట్లెక్కలేదు. మావయ్యకు మాత్రం ఏదో సంఘం వాళ్లు పర్యావరణ సేవకుడని సన్మానం చేశారు. ఆ వార్త పేపర్లో చదివి నవ్వు కూడా రాలేదు.

వానలు మొదలయ్యాక ఒకామె ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది. ఎచ్చెర్ల అవతల సముద్రం ఒడ్డున చేపల వ్యాపారం ఆమెది. కూతురి పెళ్లికి మండపం చూసుకుందామని ప్రారంభోత్సవం రోజు అక్కడికి వచ్చిందట.

"నీ మాట ఇన్నానమ్మా. ఆ అద్దాల పెట్టిలోన పెళ్లెట్టుకుంటే సుట్టాలు ఎండుసేపలైపోతారు" అంది. "నాకో ఇల్లు గియ్యి. గాలి రావాల. ఇంకేటీ నాకొద్దు."

ఇంకేటీ వద్దన్న మనిషి ముందుగోడకు తళతళలాడే నీలం టైల్స్ కావాలని పట్టుబట్టింది. పోట్లాడాను, ఓడిపోయాను. కాని కిటికీలు, వరండా, వేడి దిగని పెంకుల కప్పు నేను గీసినట్టే కట్టారు. మరుసటి వేసవిలో నేను వెళ్లేసరికి ఇంటిల్లిపాదీ భోంచేసి, ఫ్యానైనా వేసుకోకుండా నిద్రపోతున్నారు. ఎవరినీ లేపలేదు. వరండాలో చాలాసేపు కూర్చున్నాను. చదివిన చదువుకు అర్థముందని మొదటిసారి అనిపించింది.

ఆ ఏడాదే వాళ్ల వీధిలో ఇంకో ఇల్లు మొదలైంది. ఆ ఇంటాయనకూ టైల్సే కావాలి, ఇంకా మెరిసేవి.