వెనక సీటు కింద ఎర్ర చుక్కలు

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి చేసి ఆయన చూపే అలా తయారైంది. ఎదుటివాడు నవ్వితే ఎందుకు నవ్వాడని అనుమానం, నవ్వకపోతే ఏం దాస్తున్నాడని అనుమానం. డిపోలో అందరూ ఆయన్ని వెనకాల భూతద్దం అనేవారు. ఉద్యోగానికి రిటైర్మెంటు వచ్చింది గానీ ఆ చూపుకి రాలేదు. కారు సర్వీసింగుకి ఇవ్వాల్సి వస్తే ముందురోజే తీరిగ్గా కూర్చుని బ్యాటరీ మీద, స్టెప్నీ మీద, ఆఖరికి వైపర్ల మీద కూడా ఓ ఎర్రచుక్క పెట్టేవాడు. బండి తిరిగొచ్చాక చుక్కలన్నీ ఉన్నాయో లేదో చూసుకునేవాడు. ఒక్క సామానూ ఎన్నడూ మారలేదు. అయినా ఆయన మానలేదు.

ఆ ఎర్రరంగు కూతురి గోళ్ల రంగు. పెళ్లై వెళ్తూ ఆ సీసాను అద్దం దగ్గర మరిచిపోయింది.

కూతురు తనకి నచ్చినవాణ్ణే చేసుకుంది. కుర్రాడిది కార్లలో స్టీరియోలు, స్పీకర్లు బిగించే షాపు. భూతద్దం పెళ్లికి ఒప్పుకున్నాడు గానీ అల్లుణ్ణి నమ్మలేదు. అతను ఇంటికొస్తే పలకరింపు అయ్యీ కాకముందే ఆరా మొదలయ్యేది. షాపు సొంతమా, అద్దెదా? అద్దెదైతే ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు? కూతురు చాన్నాళ్లు ఓపిక పట్టింది. ఓరోజు వెళ్లిపోతూ గేటు దగ్గర ఆగింది.

"నాన్నా, ఆయన్ని టికెట్ లేని ప్యాసింజర్ని చూసినట్టు చూస్తున్నావు. ఇంకోసారి అలా చూస్తే నేనిక ఈ ఇంటికి రాను."

గొంతు పెంచి అనుంటే కోపంలో అందని సరిపెట్టుకునేవాడు. మామూలుగా అంది. అందుకే ఆయనకి భయం పట్టుకుంది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు.

కాబట్టి భార్య, "మన కారులో పాట పెడితే రేకుడబ్బా కొట్టినట్టుందండీ, అల్లుడి చేత కొత్త స్పీకర్లు పెట్టిద్దాం" అన్నప్పుడు ఆయన కాదనలేకపోయాడు.

షాపులో స్పీకర్ల దగ్గర పేచీ రాలేదు. ఆంప్లిఫయర్ దగ్గరా రాలేదు. స్టీరియో నుంచి డిక్కీలో ఉండే ఆంప్లిఫయర్ దాకా పాటను మోసుకెళ్లే సిగ్నల్ కేబుల్ దగ్గర వచ్చింది. అద్దాల బీరువాలో బొటనవేలంత లావున, బంగారు మూతులతో ధగధగలాడే కేబుల్ ఒకటుంది. అల్లుడు దాన్ని ముట్టుకోకుండా కింద సొరుగులోంచి సన్నటి నల్ల కేబుల్ తీశాడు.

"అది ఎందుకివ్వవు?" అన్నాడు ఆయన. అల్లుణ్ణి 'మీరు' అనే మనిషి ఏకవచనంలోకి దిగిపోయాడు.

"దాని లావంతా పైన రబ్బరే మావయ్యగారూ. లోపల తీగలు పక్కపక్కనే ఊరికే పడుంటాయి. ఇందులో రెండు తీగలూ జడలా మెలేసుకుని ఉంటాయి, పైన రాగి అల్లిక కూడా ఉంది. ఇంజన్ రొద అంత తొందరగా పాటలోకి దూరదు. పొడవు కూడా మీ కారుకి సరిగ్గా సరిపోతుంది."

సొరుగులో మూలుగుతున్న సరుకు మామగారికి అంటగడుతున్నాడు, అనుకున్నాడు భూతద్దం. పైకి మాత్రం, "ఇంటికి తీసుకెళ్లి చూసి, రేపు బండితో పాటు తెస్తాను" అన్నాడు. ఇంట్లో చూసిందేమీ లేదు. కేబుల్ పొడవునా చుక్కలు పెట్టి ఆరబెట్టాడు.

బిగించాక పాట అద్భుతంగా వచ్చింది. భార్య దారి పొడవునా కూనిరాగం తీసింది. ఆయన చెవికీ బాగానే ఉంది, మనసే ఊరుకోలేదు. లోపల ఉన్నది ఆ కేబులేనని నమ్మకమేంటి?

ఓ ఉదయం భార్య బజారుకెళ్లడం చూసి వెనక సీటు పైకెత్తాడు. నల్ల కేబుల్ ఓ వారగా క్లిప్పుల్లో ఉంది. బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి కరెంటు తెచ్చే లావాటి ఎర్రవైరు దానికి దూరంగా రెండో వారన ఉంది. కేబుల్ని క్లిప్పుల్లోంచి ఊడదీసి, వెలుతురులోకి లాగి చూశాడు. చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సంతోషించాల్సింది పోయి కాస్త నిరాశపడ్డాడు.

తీరా సీటు దింపబోతే అది కూర్చోలేదు. ఊడిన కేబుల్ అడ్డం పడుతోంది. ఇలా చెరోమూలా పరచడమేం పనితనం అని విసుక్కుని, రెండు వైర్లనీ దగ్గరికి లాగి, కలిపి గట్టిగా టేపు చుట్టి, నడిమధ్యన పెట్టి సీటు నొక్కాడు. చక్కగా కూర్చుంది.

మర్నాడు కారు తీస్తే స్పీకర్లలోంచి ఈల. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అదీ పెరుగుతోంది, చెవిలో జోరీగలా. భూతద్దం మొహం వెలిగిపోయింది. సీటు సంగతి ఆయనకి గుర్తే రాలేదు. నేరుగా షాపుకి పోనిచ్చాడు.

కూతురు కౌంటర్ దగ్గరే ఉంది. ఆమె ముందే అల్లుడితో అనేశాడు. "నాకు టోపీ పెట్టాలనుకున్నావు. నాసిరకం కేబుల్ అంటగట్టావు. విను, ఎలా కూస్తోందో."

కూతురి మొహం పాలిపోయింది. చేతిసంచి తీసి భుజాన వేసుకుంది. ఆ కదలిక చూశాక గాని ఆయనకి గేటు దగ్గరి మాట గుర్తు రాలేదు.

అల్లుడు కారు దగ్గరికెళ్లి ఈల విన్నాడు. వెనక సీటు ఎత్తి టేపు చుట్టిన వైర్ల కట్టను ఓ క్షణం చూశాడు. దొరికిపోయాననుకున్నాడు ఆయన. అల్లుడు మాత్రం, "నాదే పొరపాటు మావయ్యగారూ, కరెంటు వైరూ ఇదీ దగ్గరగా వచ్చేశాయి, అందుకే ఇంజన్ రొద పాటలోకి దూరింది" అని టేపు విప్పసాగాడు.

కూతురూ వచ్చి వంగి చూసింది. "ఇది నా గోళ్ల రంగు కదా," అంది.

అల్లుడు కేబుల్ని మళ్లీ ఓ వారగా పరిచి, క్లిప్పుల్లోకి నొక్కి, ఇంజన్ పెంచి చూపించాడు. ఈల లేదు. కూతురు తన వంకే చూస్తోందని తెలిసి, చివరికి ఆయన నోరు తెరిచాడు.

"అతని తప్పేం లేదమ్మా. సీటెత్తింది నేను. ఆ టేపు చుట్టింది కూడా నేనే. చుక్కలూ నావే."

"చుక్కలు బిగించేటప్పుడే చూశాను మావయ్యగారూ," అన్నాడు అల్లుడు, క్లిప్పు సర్దుతూ. "క్లిప్పులు రాసుకుంటే చెరిగిపోతాయని, చుక్క లేని చోట్లే చూసి పెట్టాను. చెరిగితే మీకు మళ్లీ బెంగ."

భూతద్దం వంగి చూశాడు. నిజమే. ఒక్క క్లిప్పు కూడా చుక్క మీద లేదు. అంత సిగ్గు ఆయన జన్మలో ఎరగడు.

కూతురు సంచి భుజం మీంచి దించలేదు, అలాగని బయటికీ వెళ్లలేదు. ఆ చుక్కల వంకే చూస్తూ అంది. "ఆదివారం వస్తాను నాన్నా. నా సీసా నాకిచ్చెయ్."

ఇంటికి రాగానే ఆయన అద్దం దగ్గరున్న సీసా తీసి చూశాడు. రంగు అడుగంటింది. ఉన్న ఆ కాస్తా ఆదివారం లోపు ఎండిపోకుండా మూత గట్టిగా బిగించాడు.