చొక్కా లేని నక్షత్రం

నా చిన్నప్పుడు మేము మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఉండేవాళ్లం. డిసెంబరు వచ్చిందంటే ప్రతి ఇంటి ముందూ క్రిస్మస్ నక్షత్రం వేలాడేది. మా ఇంటిది మా నాయన కట్టేవాడు. వెదురు బద్దలు చీల్చి, దారంతో బిగించి, ఎర్ర కాగితం అంటించి లోపల బల్బు పెడితే, వీధి చివరి నుంచే అది మా ఇల్లని తెలిసేది.

నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలంలో నాయన పోయాడు. అమ్మ ఆసుపత్రి వంటగదిలో పనిచేసేది. ఆ డిసెంబరులో ఆమె నక్షత్రం మాటే ఎత్తలేదు. నేను కడతానన్నాను. కట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

అది అచ్చం నాయన కట్టినట్టే ఉండాలని నా పంతం. బద్దలు కట్టాను, నక్షత్రానికి ఒక కాలు పొట్టిగా వచ్చిందని విప్పాను. ఎన్నిసార్లు కట్టినా ఏదో ఒక కాలు పొట్టే. చివరికి కాగితం మీద నెపం పెట్టాను. నాయన తెచ్చే ఎర్ర కాగితం పుంగనూరులో ఒక అంగట్లోనే దొరికేది. మా మేనమామ అటు పోయినప్పుడు తెస్తాడులే అని చట్రాన్ని మంచం కిందికి తోసేశాను. నిజానికి మామను అడగనేలేదు. అడిగితే తెస్తాడు, తెస్తే అంటించాలి, అంటిస్తే నాయనదానిలా రాదు. అదీ నా భయం.

పక్కింటి అవ్వ ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయా. ఎవరింట్లోకైనా అడక్కుండా వచ్చేసే చనువు ఆమెది. పండగ నాలుగు రోజులుందనగా నేను బడి నుంచి వచ్చేసరికి, నా ఉత్త చట్రం మా వాకిలి మీద వేలాడుతోంది. అవ్వే దాన్ని మంచం కింద నుంచి లాగి, కాయలు కోసే దోటికర్రతో నాయన కొట్టిన మేకుకు తగిలించింది. పొట్టి కాలు సరిగ్గా వీధి వైపే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అంతలో పాలాయన సైకిలు ఆపాడు. "ఏం పాపా, మీ నక్షత్రానికి సొక్కా యాడబోయింది? సలికి వణకతాండాది సూడు!" అన్నాడు. వీధంతా నవ్వింది. నేను ఏడుపు మొహం పెట్టాను.

"యాల ఏడస్తావు? అందరూ సూసేసినారు, ఇంక దించేదానికి లేదు. ఏదో ఒకటి తొడిగించు పో" అంది అవ్వ.

రోషమొచ్చింది. మైదా గంజి కాచాను. పాత పేపర్లు, పుస్తకాల అట్టలకు వేసే కాగితం, అవ్వ ఇచ్చిన పచ్చ కాగితం ముక్క, ఏది దొరికితే అది అంటించాను. నేను స్టూలెక్కితే అవ్వ కింద పట్టుకుంది.

పొద్దు గూకాక అమ్మ పని నుంచి వచ్చి వాకిట్లో నిలబడిపోయింది. తలెత్తి చాలాసేపు చూసింది.

"మీ నాయన మొదట కట్టింది గూడా ఇట్లే వంకరగా ఉండె. బల్బు ఎయ్యంగానే ఊడి నా నెత్తిన పడె" అని నవ్వింది. నాయన పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి. నేను ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. నాయనకూ వంకర నక్షత్రం ఒకటి ఉండేదని అంతవరకు నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు కుప్పంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నాయన గురించి రాయాలని ఎన్నేళ్లుగానో అనుకుంటూ, మంచి మాటలు కుదరాలని ఆగిపోయేదాన్ని. మొన్న ఒక పేజీ రాసి, కొట్టివేతలతో సహా ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మనవరాలు చదివి, "అవ్వా, ముత్తాత ఎట్లుండేవాడో రాయనేలేదే" అంది. ఆ సాయంత్రమే రెండో పేజీకి కూర్చున్నాను. ఏ పనినైనా మంచం కిందికి తోసేయబుద్ధయినప్పుడల్లా, పక్కింటి అవ్వ చేతిలోని ఆ దోటికర్ర నాకు గుర్తొస్తుంది.