గిటారుకు కట్టె చూసొచ్చిన కథ

నా ఎడమ భుజం మొండికేసిన ఏడాదే నేను ఎలక్ట్రిక్ గిటారు చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. కళ్యాణదుర్గంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదిహేనేళ్లుగా బోర్డు మీద రాస్తున్న కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది. ఏ పనీ చెయ్యని ఎడమ భుజం మాత్రం బిగుసుకుపోయింది. డాక్టరు ఎక్సర్‌సైజులు రాసిచ్చి, భుజానికి బరువులు తగిలించుకోవద్దన్నాడు. నా దగ్గరున్న గిటారేమో బి.ఎడ్. చదివే రోజుల్లో అనంతపురంలో సెకండ్ హ్యాండులో కొన్నది. పట్టీ వేసుకుని నిలబడితే సిమెంటు మూట వేలాడదీసుకున్నట్టు ఉంటుంది. గిటారు వాయించవచ్చా అని డాక్టరును అడగలేదు. అడిగితే వద్దంటాడని భయం.

బెంగళూరులో గిటార్లు చేసిచ్చే ఒకాయన ఉన్నాడని మా స్కూలు సైన్సు టీచరు నంబరు సంపాదించింది. ఫోన్ చేశాను. కన్నడం కలిసిన తెలుగులో చాలా మర్యాదగా మాట్లాడాడు. తేలిగ్గా చేసివ్వడం కష్టమేమీ కాదట. కానీ బాడీకి ఏ చెక్క, నెక్‌కి ఏ చెక్క అన్నది నన్నే తేల్చుకోమన్నాడు. ఆ సాయంత్రానికి ఒక జాబితా పంపాడు. మహాగని, ఆల్డర్, ఆష్, మేపుల్, ఇంకా నోరు తిరగనివి ఎన్నో. నాకు తెలిసిన చెట్లు వేప, తుమ్మ, చింత, టేకు. వాటిలో మూడింటిని పొయ్యిలో పెట్టడం తప్ప నేను చేసిందేమీ లేదు.

మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, అసలు ఏం చూడాలో చెప్పమన్నాను. ఆయన చెబుతుంటే ఒక్కొక్కటీ పైకి అంటూ కాగితం మీద రాసుకుంటున్నాను. పక్కనే మా అత్త చాటలో వేరుశనగ కాయలు పోసుకుని విత్తనానికి ఒలుస్తోంది.

"మెడ నిటారుగా ఉండాలి. ఎంత లాగినా వంగకూడదు. ఒళ్లు బరువు ఉండకూడదు. వయసు ఎంత ఎక్కువైతే అంత మంచిది..."

ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"ఏమ్మే, ఎవురికి సంబంధం చూస్తాండావు? వయసెక్కువైతే మంచిదంటే, రెండో పెండ్లా?"

బెంగళూరాయన అవతల పకపకా నవ్వాడు. ఫోన్ పెట్టేసి అత్తకు విషయం చెప్పాను. ఆమె కొంచెం నొచ్చుకుంది, సంబంధం కానందుకు కాదు.

"కట్టె సంగతి నన్నడగల్ల గానీ, బెంగుళూరాయన్ని అడుగుతావా? పార పిడి యాడ చేపిస్తాం? కవ్వం యాడ చేపిస్తాం? ఈ ఇంట్లో కట్టెసామాను నాకు తెల్వకుండా వచ్చిందేమన్నా ఉండాదా?"

నిజమే, లేదు. మంచంకోళ్ల దగ్గర్నుంచి అప్పడాల కర్ర దాకా అన్నీ ఆమె వేలితో కొట్టి చూసి ఒప్పుకున్నవే.

మా ఆయన తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వారానికొకసారి ఇంటికి వస్తాడు. ఆ శనివారం వచ్చి మా ఇద్దరి చర్చ విని, "ఇంత రచ్చ ఎందుకు? నల్లబండతో చేయించుకో. మెడ వంగదు, చెదలు పట్టవు" అన్నాడు.

"నా భుజం?"

"దానికి డాక్టరున్నాడు కదా."

ఆదివారం పొద్దున్నే నేను, అత్త కలిసి ఊరిబయట రంపం మిల్లుకు వెళ్లాం. ఓనరు మమ్మల్ని చూసి, "తలుపులకా, మంచానికా?" అన్నాడు.

"వాయించేదానికి" అంది అత్త.

"డప్పుకా అవ్వా?"

"డప్పుకు మెడ ఉంటాదా అప్పా? నువ్వు పక్కకు జరుగు, మేము చూసుకుంటాం."

ఆమె చీర కొంగు బొడ్లో దోపుకుని వరసగా పలకలను వేలి కణుపులతో కొట్టుకుంటూ పోయింది. రంపం గోలలో ఆమెకు ఏమీ వినపడటం లేదు. వెనక్కి తిరిగి, "ఏమప్పా, ఆ మిషను రవ్వంత సేపు ఆపు. కట్టె మాట వినపడల్ల" అంది. ఓనరు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. మిషను ఆగింది.

అప్పుడు ఆమె నాకో పరీక్ష నేర్పింది. పలక ఈ కొసన తను గోటితో గీకుతుంది, ఆ కొసన నేను చెవి పెట్టి వినాలి. నేను నమ్మలేదు. కానీ ఒక పాత టేకు దూలానికి చెవి ఆనిస్తే, అంత దూరాన గీసిన గీత నా చెవిలోనే గీసినట్టు వినిపించింది. వేప పలకలో మాత్రం ఏదో గుడ్డ అడ్డం పెట్టినట్టు వచ్చింది. ఇంకొక పలకలో అసలేమీ రాలేదు. తిప్పి చూస్తే అడుగున సన్నటి పగులు. అక్కడ కిటికీల కోసం చెక్క కోయించుకుంటున్న ఒకాయన ఇదంతా చూసి, తన పలకలకు కూడా చెవి పెట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి లేచి రెండు పలకలు వద్దని పక్కన పడేశాడు.

ఓనరు రెండు చేతులూ జోడించాడు. "అవ్వా, నీకు దండం పెడతా. మీకు కావాల్సింది తీసుకోని బయల్దేరండి."

మాకు కావలసినవి రెండు దొరికాయి. ఒకటి ఆ టేకు దూలం, అందులోంచి మెడకు సరిపడా పలక కోయించుకున్నాం. ఏదో పాత గోడౌను పైకప్పు నుంచి తీసిందట, ఎండి ఎండి ఎముకలా ఉంది. రెండోది పనస పలక. పసుపు పూసినట్టున్న రంగు. వీణలు పనసతో చేస్తారని గుర్తొచ్చి నాకు దాన్ని వదలబుద్ధి కాలేదు. ఎత్తి చూస్తే అనుకున్నంత బరువు కూడా లేదు. అత్త వాసన చూసి, "పర్వాల్యా" అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

ఇంటికొచ్చాక ఆమెకు కొత్త అనుమానం వచ్చింది. టేకు మెత్తన, వేళ్లు రాసుకుని రాసుకుని గుంతలు పడతాయని. లోపలికి వెళ్లి తలుపు మూల నుంచి రోకలి పట్టుకొచ్చింది. సండ్ర కట్టె. ఎర్రగా, నున్నగా, అడుగున తొడిగిన ఇనుప పొన్నుతో నా భుజం దాకా ఉంది.

"మెడకు ఇది ఇయ్యి. ఇది వంగితే నన్నడుగు."

వద్దత్తా అన్నాను. ఆమె వినలేదు. అలా ఇద్దరం రెండు పలకలతో, ఒక రోకలితో బెంగళూరు బస్సెక్కాం. కండక్టరు రోకలిని, అత్తను మార్చి మార్చి చూసి, "ఎవురి మీదికి పోతాండారమ్మా?" అన్నాడు. "టికెట్టియ్యి, లేకుంటే నీ మీదికే" అంది అత్త.

గిటార్లు చేసే ఆయనకు ముప్పై ఐదేళ్లుంటాయి. జుట్టు నిండా రంపపుపొట్టు. టేకు కొస మీది రేఖలు చూసి సంబరపడ్డాడు. తడి కొలిచే చిన్న మిషను పెట్టి, మెడకు ఇదే ఖాయం అన్నాడు. పనసలో ఇంకా కొంచెం తేమ ఉందట, మూడు నెలలు ఆరబెట్టాలన్నాడు. తర్వాత రోకలి ఎత్తి పట్టుకున్నాడు.

"అమ్మా, ఇది చాలా బరువు. దీంతో మెడ చేస్తే, మేడం చెయ్యి వదిలిన వెంటనే గిటారు తల కిందికి వాలిపోతుంది. అదంతా మళ్లీ భుజం మీదే పడుతుంది."

అత్త చెయ్యి చాపి రోకలి పొన్నును తడిమింది. నా వైపు చూడకుండా, "నా పెండ్లికి మా నాయన చేపిచ్చింది. కొర్రలు, సజ్జలు అన్నీ దీంతోనే" అంది. ఇన్నేళ్లుగా ఆ రోకలి అక్కడే ఉన్నా, అది ఎక్కడి నుంచి వచ్చిందని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు సిగ్గేసింది.

ఆయన రోకలిని వెలుతురులో తిప్పాడు. గోటితో గట్టిగా నొక్కాడు. గోటి గాటు కూడా పడలేదు. "మెడ మీద వేళ్లు ఆనేచోట ఒక పలచటి పట్టీ అతికిస్తాం. దానికి గట్టి కట్టె కావాలి. ఇంతకన్నా మంచిది నా దగ్గర లేదు. కానీ కోయాలి. కోస్తే మళ్లీ రోకలి రాదు."

"తలుపుకు అడ్డం పెట్టేదానికి తప్ప, మిక్సీ వచ్చినాక దాన్ని ముట్టినోళ్లెవరు? కొయ్యి అప్పా" అంది. ఆ వెంటనే, "పొన్ను మాత్రం నాకియ్యి" అంది.

ఆ మూడు నెలలూ నాకన్నా అత్తే ఎక్కువసార్లు ఫోన్ చేయించింది. ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని పరామర్శించినట్టు "ఆరిందా?" అని అడిగేది. మెడ లోపల ఇనుపకమ్మి పెడుతున్నానని ఒకరోజు ఆయన చెప్పాడు. అత్త ఫోన్ లాక్కుంది.

"అంటే నా కోడలు తెచ్చిన కట్టె మీద నీకు నమ్మకం ల్యా?"

"కట్టె మీద ఉందమ్మా. తీగల మీదే లేదు. రాత్రీ పగలూ లాగుతానే ఉంటాయి."

ఆ జవాబు ఆమెకు నచ్చింది.

గిటారు వేసవి సెలవులకు ముందు వచ్చింది. పసుపుపచ్చటి పనస ఒంటికి నూనె పట్టించినట్టు మెరుపు. మెడ మీద ముదురు ఎరుపు పట్టీ. పాతదాని కన్నా కిలో దాకా తక్కువ తూగింది. భుజానికి వేసుకుని అరగంట నిలబడ్డాను. నొప్పి లేదు, గర్వం మాత్రం ఉంది. స్పీకరు పెట్టెకు తగిలించి స్విచ్చి వేశాను. అత్త దగ్గరకొచ్చి అలవాటు కొద్దీ పనస మీద వేలితో ఒక్కటి కొట్టింది. పెట్టెలోంచి దబ్బుమని వచ్చిన చప్పుడుకు మంచం మీదికి ఎగిరి కూర్చుంది. గుండె కుదుటపడ్డాక లేచి వచ్చి ఇంకొకటి కొట్టింది, ఈసారి నవ్వుతూ.

ఇప్పుడు రోజూ స్కూలు నుంచి రాగానే గంటసేపు వాయిస్తాను. అత్త గడపలో కూర్చుని వింటుంది. ఆమెకు సన్నతీగలు గిట్టవు. "అది చెవిలో సూదిమాదిరి గుచ్చుతాది. ఆ లావు తీగ కొట్టు, మాటాడినట్ల ఉంటాది" అంటుంది. కాదంటే లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలతో చప్పుడు చేస్తుంది. అందుకని నా సాధనంతా లావు తీగల మీదే సాగుతోంది. మొన్న మా సైన్సు టీచరు ఇంటికొచ్చి కాసేపు విని, ఆ కింది మూడు సన్నతీగలు తెగిపోయాయా అని అడిగింది.