మగ్గం చప్పుడుకు నిద్రపోయే ఎలుకలు

తరతరాల పగ, చివరి హెచ్చరిక, అమావాస్య నాటి తీర్పు. మీకు చెప్పబోయేది ఒక మహా ఇతిహాసం. అని మొదలుపెట్టాను గానీ, కాదు. మా ఇంట్లో రెండు తెల్ల ఎలుకలు నిద్రపోయిన సంగతి. రోజులో అవి ఎక్కువసేపు చేసే పని అదే కాబట్టి నేనేం చేయలేను.

షాద్‌నగర్‌లో కంపెనీ పని చేసుకుంటూ వాటిని పెంచుకున్నాను. కిరాయి గది ఓనరు ఎలుకలో, గదో తేల్చుకో అన్నాడు. వేరే గది దొరికేదాకా సెలవు పెట్టి, పంజరం పట్టుకుని కట్టంగూర్ పక్కన మా ఊరికి బస్సెక్కాను. మాది మగ్గం నేసే ఇల్లు. అలాంటి ఇంట్లో ఎలుకను పలకరించే పద్ధతి ఒక్కటే, చీపురుతో.

"పడుగంత కొరికి పెడ్తయి! నీకేమన్న మతి ఉన్నదారా?" అంది అవ్వ, మా నాన్నమ్మ, మగ్గం మీద సాగదీసిన దారాలకు అడ్డంగా చేతులు చాపి.

"పంజరంల ఉంటయే అవ్వా. పగలంత పండుకుంటయి."

"అమాస దాక సూస్త. ఆగం జేసినయో, అవీ నువ్వూ గల్సి బస్సెక్కుడే."

నేను అబద్ధం చెప్పలేదు. అవ్వ పారేసిన రంగురంగుల దారపు ముక్కలను నేను పంజరంలో వేస్తే ఎలుకలు పోగేసుకుని, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి ముక్కు దూర్చి, మగ్గం ఆడినంతసేపూ పడుకునేవి. సాయంత్రం అవ్వ మగ్గం దిగగానే లేచి, ముందు కాళ్లు చాపి, నాలుక కనబడేలా ఆవలించేవి. సరిగ్గా అప్పుడే అవ్వ కూడా ఆవలించేది. ఆ మాట ఆమెతో అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

అమావాస్య వచ్చింది. ఆ రోజు మావాళ్లు నేయరు. పొద్దున పడుకోవాల్సిన ఎలుకలు పడుకోలేదు. తీగలు గీరాయి, నీళ్ల గిన్నె బోర్లించాయి. మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడుతున్నా కూర్చునే ఊగుతున్నాయి. సరిగ్గా తీర్పు రోజే ఫెయిలయ్యాయి. పశువుల దవాఖానకు పోవాలా, బస్‌స్టాండ్‌కు పోవాలా తేలక నేను బట్టలు సర్దుతున్నాను.

అవ్వ పంజరం ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

"వీటికి రోగం లేదురా. చప్పుడు లేక నిద్ర వడ్తలేదు."

పడుగులో అటూ ఇటూ ఉరికే నాడె పాతదొకటి మూలన ఉంటే తెచ్చి పీట మీద కొట్టడం మొదలుపెట్టింది. టక్, టక్. నేసేటప్పటి లయే.

"అమాస నాడు గదేందే అమ్మా?" అన్నాడు మా బాపు.

"నేస్తలేను గద. పిల్లలను పండవెడ్తున్న."

ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి దారాల్లోకి జారాయి. మడత పెడుతున్న చొక్కాను మళ్లీ మేకుకు తగిలించాను.

వారానికి షాద్‌నగర్‌లో ఎలుకలను ఒప్పుకునే గది దొరికింది. పంజరం ఎత్తబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు పో. అవి ఈడ్నే ఉంటయి."

ఉంచేశాను. పోయే ముందు ఆమెకు ఒక్కటే చెప్పాను: పంజరంలో పరిచే పేపరు రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే వాసనొస్తుంది.